సొంతంగా సర్వర్ మానిటరింగ్ టూల్ రాస్తున్నా, కంటెయినర్ల లెక్క తేలట్లేదు

బెజవాడ_బ్యాకెండ్
మావి మొత్తం 14 సర్వర్లు. 9 క్లౌడ్‌లో ఉన్నాయి, మిగతా 5 ఆఫీసులోనే జెరాక్స్ మెషీన్ పక్క గదిలో. అన్నిటి మీదా డాకర్, అంటే ఒక్కో ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సినవాటితో కలిపి కంటెయినర్ అనే విడి డబ్బాలో నడిపేది. అడ్మిన్ నేనే, కోడ్ రాసేదీ నేనే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే తీసేదీ నేనే. ఆరు నెలల కిందట ఒక ఆదివారం ఒక సర్వర్‌లో డిస్క్ నిండి బిల్లింగ్ ఆగిపోయింది. సోమవారం పొద్దున కస్టమర్ ఫోన్ చేసి తిట్టేదాకా మాకు తెలియదు. ఆ రోజే ఈ టూల్ మొదలుపెట్టా. గో లాంగ్వేజ్‌లో రాసిన చిన్న ఏజెంట్ ప్రతి సర్వర్ మీదా నడుస్తుంది. 15 సెకన్లకోసారి సీపీయూ, మెమరీ, డిస్క్, నడుస్తున్న కంటెయినర్ల వివరాలు తీసి ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి పంపుతుంది. హద్దు దాటితే టెలిగ్రామ్‌లో తెలుగులో మెసేజ్ వస్తుంది.

సర్వర్ల వరకు బాగానే ఉంది. కంటెయినర్ల దగ్గరే తల తిరుగుతోంది. నిజానికి ఉన్నవి 60. నా టేబుల్‌లో 11 వేలు తేలుతున్నాయి, గంటకోసారి నడిచి పోయే చిన్నవి కూడా కలిపి. కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ పాతది పోయిందని ఒక మెసేజ్, కొత్తది వచ్చిందని ఇంకో మెసేజ్. మెమరీ లెక్కలో కూడా తేడా: ఒక కంటెయినర్‌కి నా టూల్ 1.9 జీబీ అంటుంది, డాకర్ స్టాట్స్ 607 ఎంబీ అంటుంది. ఇవి తేలకముందే మా సార్ డెమో చూసి, సర్వర్ పడిపోతే దానంతట అదే కొత్తది లేచేలా చెయ్యి, సంక్రాంతి లోపు కావాలి అన్నారు. ఇలాంటిది ఎవరైనా కట్టారా?

గరళకంఠుడు
ప్రొమీథియస్, నోడ్ ఎక్స్‌పోర్టర్, సీఅడ్వైజర్, గ్రఫానా. అంకెలు పోగేసి గ్రాఫులు గీసే ఈ రెడీమేడ్ టూల్స్ పెట్టుకో, ఒక పూట పని. వీధి కుళాయిలో నీళ్లు వస్తుంటే పెరట్లో బావి తవ్వుతానంటావేంటి?

బెజవాడ_బ్యాకెండ్
అవి పెట్టి చూశా అన్నా. గ్రాఫులు బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ చూసేది నేనొక్కడినే. మా సార్‌కి, సపోర్ట్ వాళ్లకి కావాల్సింది "3వ సర్వర్‌లో డిస్క్ 85 శాతం నిండింది, రాత్రికి నిండిపోవచ్చు" అనే ఒక్క వాక్యం. పైగా ప్రొవిజనింగ్, అంటే కొత్త సర్వర్ లేపి సిద్ధం చేయడం కూడా దీంట్లోనే కలపాలి.

గరళకంఠుడు
ఆ ఒక్క వాక్యం ప్రొమీథియస్ వాళ్ల అలర్ట్‌మేనేజర్ కూడా పంపుతుంది. సరే, తవ్వు. తాడు కావాలంటే చెప్పు.

పాతకాపు
నేను నాగియోస్ అనే పాత మానిటరింగ్ టూల్ కాలం వాణ్ని. 1999లో అది నెట్‌సెయింట్ పేరుతో వచ్చింది. కొత్త సర్వర్ కొంటే దాని పేరు, ఐపీ మనమే చేత్తో ఫైలులో రాసేవాళ్లం. ఏడాదికి రెండో మూడో మెషీన్లు వచ్చేవి కాబట్టి నడిచిపోయింది. కంటెయినర్లు అలా కాదు, టీ తాగి వచ్చేలోపు మూడు మారిపోతాయి. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో ప్రొమీథియస్ రాయడం మొదలుపెట్టింది ఈ తిప్పలు పడలేకే. 2016లో సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ సంస్థలో, కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్ తర్వాత చేరిన రెండో ప్రాజెక్టు అదే. తమ్ముడు సొంతంగా రాసుకోవడంలో తప్పేం లేదు కానీ, వాళ్లు లేబుళ్లను (ప్రతి అంకెకీ తగిలించే పేరు చీటీలు) ఎలా వాడారో ఒకసారి చదివి రాయి. ఇంకో మాట, నీ ఏజెంట్ ఇచ్చే అంకెలు ప్రొమీథియస్ చదవగలిగే మామూలు టెక్స్ట్ రూపంలో కూడా ఉంచు. రేపు గరళకంఠుడు చెప్పిందే నిజమైతే ఏజెంట్ పారేయక్కర్లేదు.

డాలస్_దేవి
11 వేలు ఎందుకు వచ్చాయో చెప్పనా? నువ్వు కంటెయినర్ ఐడీని పేరు అనుకుంటున్నావు. అది పేరు కాదు, 64 అక్షరాల పుట్టుమచ్చ. తెర మీద మొదటి 12 మాత్రం చూపిస్తారు. ఉన్న కంటెయినర్‌ని రీస్టార్ట్ చేస్తే ఐడీ అదే ఉంటుంది, కొత్త ఇమేజ్‌తో (కంటెయినర్ పుట్టే అచ్చు) మళ్లీ సృష్టిస్తే ఐడీ మారుతుంది. నువ్వు వెర్షన్ పెట్టినప్పుడల్లా జరిగేది రెండోది.

బస్టాండులో మనం "వైజాగ్ సూపర్ లగ్జరీ వచ్చిందా" అని అడుగుతాం, బండి నంబరుతో మనకేం పని? రోజూ వేరే బండి వస్తుంది, సర్వీసు మాత్రం అదే. నీ టేబుల్‌లో ఉండాల్సింది సర్వీసు. కంటెయినర్లను కలిపి లేపే డాకర్ కంపోజ్ వాడుతుంటే ప్రతి కంటెయినర్‌కీ ప్రాజెక్ట్ పేరు, సర్వీస్ పేరు, వరస నంబరు లేబుళ్లుగా అదే తగిలిస్తుంది. సర్వర్, ప్రాజెక్ట్, సర్వీస్, వరస నంబరు, ఈ నాలుగూ కలిపి కీ చెయ్యి. ఐడీని వేరే టేబుల్‌లో ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్న వివరాలతో పెట్టుకో. పాతది ఆగిన రెండు నిమిషాల్లో అదే కీతో కొత్తది లేస్తే అది చావు కాదు, డిప్లాయ్‌మెంట్ (కొత్త వెర్షన్ పెట్టడం). మెసేజ్ పంపకు.

ఇంకోటి, 15 సెకన్లకోసారి లిస్ట్ తీస్తే మధ్యలో పుట్టి మధ్యలోనే పోయినవి దొరకవు. జరిగిందల్లా అప్పటికప్పుడు చెప్పే డాకర్ ఈవెంట్స్‌కి చెవి ఒగ్గి కూర్చో. స్టార్ట్, డై, ఓఓఎం (మెమరీ అయిపోవడం) అన్నీ అక్కడికే వస్తాయి, డైతో పాటు ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఆగేటప్పుడు ఇచ్చే అంకె) కూడా. కనెక్షన్ తెగి మళ్లీ కలిస్తే మాత్రం ముందు పూర్తి లిస్ట్ ఒకసారి తీసి సరిచూసుకో, తెగినప్పుడు ఏం జరిగిందో నీ ఏజెంట్‌కి తెలియదు కదా.

ఓరుగల్లు_కుర్రాడు
అక్కా, ఎగ్జిట్ కోడ్ 137 వస్తే మెమరీ అయిపోయి చచ్చినట్టే కదా? మా ప్రాజెక్ట్‌లో అట్లనే రాశినం.

డాలస్_దేవి
అలా రాయకూడదు తమ్ముడూ. 137 అంటే 128కి 9 కలిపితే వచ్చేది, అంటే ఎవరో సిగ్‌కిల్ (బలవంతంగా చంపే 9వ సిగ్నల్) ఇచ్చారని. అది లినక్స్ కెర్నెల్ కావచ్చు, మీరే కావచ్చు. డాకర్ స్టాప్ కొడితే మామూలుగా 10 సెకన్లు చూసి ప్రోగ్రామ్ ఆగకపోతే అదే సిగ్‌కిల్ ఇస్తుంది, అప్పుడూ 137 వస్తుంది. కంటెయినర్ వివరాలు చూపే డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో ఓఓఎంకిల్డ్ అని ఒక గడి ఉంటుంది, అది కూడా చూసి రాయండి.

ఓరుగల్లు_కుర్రాడు
అయితే మా రిపోర్ట్‌లో సగం ఓఓఎంలు ఉత్తవే. వైవా అయిపోయింది కాబట్టి బతికినం.

రాత్రిడ్యూటీ
మెమరీ సంగతి నేను చెప్తా. నువ్వు సీగ్రూప్‌లో (కంటెయినర్ల వాడకాన్ని కెర్నెల్ లెక్కగట్టే చోటు) మెమరీ.కరెంట్ ఫైలు చదివి అదే రాసేస్తున్నట్టున్నావు. అందులో పేజ్ క్యాష్ కూడా కలిసి ఉంటుంది. అంటే ప్రోగ్రామ్ చదివిన ఫైళ్లను కెర్నెల్ చేతికి అందేలా దాచి ఉంచుకున్నది. అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. డాకర్ స్టాట్స్ మెమరీ.స్టాట్‌లో ఉన్న ఇనాక్టివ్ ఫైల్ అంకెని తీసేసి చూపిస్తుంది. నువ్వూ తీసెయ్యి.

ఇది సీగ్రూప్ రెండో వెర్షన్ లెక్క. మొదటి వెర్షన్‌లో ఫైళ్ల పేర్లే వేరు. ఉబుంటు 20.04 అయితే మొదటిది, 22.04 అయితే రెండోది మామూలుగా ఉంటుంది. నీ దగ్గర రెండూ కలిసి ఉంటే ఏజెంట్ రెండూ చదవాలి.

సర్వర్ మెమరీకి కూడా మెమ్‌ఫ్రీ (ఉత్త ఖాళీ) చూడకు, మెమ్‌అవైలబుల్ (క్యాష్ వదిలితే దొరికేది కూడా కలిపి) చూడు. నేను చేసిన తప్పే ఇది. మెమ్‌ఫ్రీ 5 శాతానికి వస్తే ఫోన్ మోగాలని పెట్టా. రోజూ రాత్రి 2 గంటలకు బ్యాకప్ నడిచినప్పుడు ఫైళ్లన్నీ క్యాష్‌లోకి వచ్చి ఫోన్ మోగేది. మూడు వారాలు లేచా. నాలుగో వారం సైలెంట్‌లో పెట్టి పడుకున్నా. నాన్నా పులి కథ తెలుసుగా, ఆ వారమే డేటాబేస్ నిజంగా పడిపోయింది.

బెజవాడ_బ్యాకెండ్
ఇప్పుడే తీసేసి చూశా. 610 వచ్చింది, స్టాట్స్‌లో 607. రెండు నెలల తలనొప్పి రెండు లైన్లతో పోయింది, ఏడవాలో నవ్వాలో. సీగ్రూప్ మాట కూడా నిజమే, రెండు సర్వర్లు 20.04. అక్కడ ఫైలు దొరక్క నా కోడ్ ఇన్నాళ్లూ సున్నా రాస్తోంది. ఆ కంటెయినర్లు ఇంత తక్కువ మెమరీ ఎలా తింటున్నాయా అని మురిసిపోయా.

రాత్రిడ్యూటీ
సున్నా రాయకు. ఏం చేసినా సరే, సున్నా మాత్రం రాయకు. సున్నా అంటే కొలిచాం, సున్నా ఉంది అని. దొరకలేదు అంటే దొరకలేదు అనే రాయాలి, లేదా ఏమీ రాయకూడదు. దీని మీదే తర్వాత పెద్ద ఇళ్లు కూలతాయి.

తాళంచెవి
అడగడం మర్చిపోయినట్టున్నారు, ఏజెంట్ డాకర్ సమాచారం ఎలా తీస్తోంది? డాకర్ సాకెట్‌ని, అంటే డాకర్‌కి ఆదేశాలు వెళ్లే ద్వారాన్ని, ఏజెంట్ కంటెయినర్‌లోకి మౌంట్ చేశావా?

బెజవాడ_బ్యాకెండ్
అవును, కానీ రీడ్ ఓన్లీగానే.

తాళంచెవి
దానివల్ల వచ్చే రక్షణ ఏమీ లేదు. రీడ్ ఓన్లీ అన్నది ఆ సాకెట్ ఫైలుకి, దాని గుండా వెళ్లే ఆదేశాలకి కాదు. ఆ సాకెట్ చేతిలో ఉన్నవాడు కొత్త కంటెయినర్ లేపి, హోస్ట్ డిస్క్ మొత్తం అందులో మౌంట్ చేసుకుని రూట్ (సర్వర్ మీద సర్వాధికారి) అయిపోవచ్చు. డాకర్ గ్రూపులో యూజర్‌ని చేర్చినా అంతే. మధ్యలో ఒక ప్రాక్సీ పెట్టి లిస్ట్, ఇన్‌స్పెక్ట్, ఈవెంట్స్, అదీ చదివే ఆదేశాలు మాత్రమే పోనివ్వు. డాకర్ ఆదేశాలు తాళం లేకుండా తీసుకునే 2375 పోర్ట్ ఎక్కడైనా బయటకు తెరిచి ఉంటే ముందు అది మూసి ఆ తర్వాత ఈ థ్రెడ్ చదువు.

అంతకంటే పెద్ద విషయం ప్రొవిజనింగ్. ఈ ఏజెంటే రేపు ఆదేశాలు కూడా తీసుకుంటుంది అంటే 14 సర్వర్లకీ నువ్వే స్వయంగా దొడ్డిదారి కట్టినట్టు. ఏజెంట్ మాట్లాడాలి తప్ప వినకూడదు.

గరళకంఠుడు
2375 అంటే గుర్తొచ్చింది. పాత ఆఫీసులో ఒకాయన "టెస్టింగ్ కోసం" తెరిచి పెట్టాడు. వారం తిరక్కుండా ఎవడో వచ్చి మా మెషీన్లలో క్రిప్టో కాయిన్లు తవ్వుకున్నాడు. మా కంటెయినర్లను మాకంటే శ్రద్ధగా ట్రాక్ చేసింది వాడే. వాడి కంటెయినర్ ఎప్పుడూ పడిపోలేదు కూడా.

సాగరతీరం
సర్వర్ పడితే కొత్తది దానంతట అదే లేవాలి అన్నారుగా, అది మేం కట్టాం. ఏమైందో చెప్తా, కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

మాకు 22 మెషీన్లు. లెక్క తేలిక: 3 నిమిషాలు హార్ట్‌బీట్ (ఏజెంట్ పంపే బతికే ఉన్నా అన్న మాట) రాకపోతే చచ్చినట్టు, క్లౌడ్‌లో మెషీన్లు సృష్టించే టెర్రాఫామ్ నడిపి కొత్తది లేపాలి. నాలుగు నెలలు అద్భుతంగా నడిచింది. రెండు సార్లు నిజంగానే పడిన మెషీన్ స్థానంలో ఎవరూ లేవకుండానే కొత్తది వచ్చేసింది. మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా.

ఒక శుక్రవారం రాత్రి ఏజెంట్లు సమాచారం పంపే చోట ఉన్న టీఎల్ఎస్ సర్టిఫికెట్ (భద్రమైన కనెక్షన్‌కి గుర్తింపు కార్డు లాంటిది) గడువు అయిపోయింది. 22 ఏజెంట్లూ ఒకేసారి మూగబోయాయి. మెషీన్లన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి, యూజర్లకి ఏ ఇబ్బందీ లేదు. కానీ మా టూల్ దృష్టిలో అన్నీ పోయాయి. అది 22 కొత్తవి లేపింది. ఆ కొత్తవాటి ఏజెంట్లకీ అదే సర్టిఫికెట్ అడ్డు, అవీ మాట్లాడలేదు. 3 నిమిషాలు చూసి వాటినీ చచ్చినవాటి లెక్కలో రాసి ఇంకో 22 మొదలుపెట్టింది. చివరికి క్లౌడ్ ఖాతాలో మెషీన్ల పరిమితి అడ్డుపడి ఆగింది. పొద్దున చూసేసరికి 64 ఉన్నాయి. పాతవాటిని డిలీట్ చేసే లైను కూడా రాశాం, ఎవరో టెస్టింగ్ కోసం దాన్ని కామెంట్‌లో పెట్టి మర్చిపోయారు. ఆ మతిమరుపే మా కంపెనీని కాపాడింది.

తర్వాత ఏం మార్చామంటే, మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి మూగబోతే టూల్ దేన్నీ ముట్టుకోకూడదు, మనిషిని లేపాలి. ఒక్కటే మూగబోయినా ఇంకో చోటి నుంచి దాని అసలు సర్వీసు తట్టి చూడాలి. గంటకి 2 కంటే ఎక్కువ లేపకూడదు. డిలీట్ ఎప్పుడూ మనిషి చేత్తోనే. నా సలహా అడిగితే అసలు ఆటోమేటిక్ వద్దు. మెసేజ్‌లో ఒక బటన్ పెట్టు, నొక్కితే లేస్తుంది.

రాత్రిడ్యూటీ
నేను చెప్పిన సున్నా కథ ఇదే. మాట లేదు అన్నదాన్ని మనిషి లేడు అని చదివారు.

డాలస్_దేవి
సాగరతీరం గారి అనుభవం కాదనను, కానీ "ఆటోమేటిక్ వద్దు" అంటే ఒప్పుకోను. తప్పు ఆటోమేషన్‌ది కాదు. ఉండాల్సినవి ఏవో టూల్‌కి తెలియకపోవడం అసలు తప్పు. చాలామంది హార్ట్‌బీట్ పంపినవాళ్ల పేర్లే లిస్ట్‌గా వాడతారు. బడిలో హాజరు ఎలా పిలుస్తారు? ముందు రిజిస్టర్‌లో పేర్లు ఉంటాయి, తర్వాత ఎవరు పలికారో చూస్తారు. పలికినవాళ్లతోనే రిజిస్టర్ రాస్తే రానివాడు ఎప్పటికీ తేలడు.

రిజిస్టర్ రాయాల్సింది ప్రొవిజనింగ్. టెర్రాఫామ్ మెషీన్ పుట్టించగానే రిజిస్టర్‌లో "వస్తోంది" అని ఒక వరస. మొదటిసారి లేచినప్పుడు క్లౌడ్ఇనిట్ అనేది మన ఏజెంట్‌ని పెడుతుంది, మిగతా సరంజామా ఆన్సిబుల్ అనే టూల్ సర్దుతుంది. ఏజెంట్ మొదటి మాట పలికితే "ఉంది". 10 నిమిషాల్లో పలకకపోతే అది ప్రొవిజనింగ్ ఫెయిల్, సర్వర్ చావు కాదు, ఇంకోటి లేపొద్దు. మనమే తీసేస్తే "సెలవు", దానికి అలర్ట్ ఉండదు. ఇలా ఉంటే వాళ్ల టూల్ మొదటి 22 దగ్గరే ఆగేది.

సాగరతీరం
22 దగ్గర ఆగినా బిల్లు నేనే సంజాయిషీ చెప్పుకోవాలి కదా అమ్మా. రిజిస్టర్ మాట మాత్రం నిజం, మా దగ్గర అది లేదు.

హైటెక్_హోస్టింగ్
టెర్రాఫామ్ స్టేట్ ఫైలు, అంటే తను పుట్టించిన మెషీన్ల చిట్టా, ల్యాప్‌టాప్‌లో ఉంచకు. మాలో ఒకడు ఉంచాడు, ల్యాప్‌టాప్ రిపేర్‌కి వెళ్లింది, తర్వాత ఏ మెషీన్ ఎవరిదో ఒక్కొక్కటీ చేత్తో ఇంపోర్ట్ చేసుకున్నాం. ఇద్దరు ఒకేసారి మార్చకుండా లాక్ ఉన్న చోట, బయట పెట్టు. 2023 ఆగస్టులో లైసెన్స్ మారింది కదా అని టెన్షన్ పడేవాళ్లకి దాని ఓపెన్ సోర్స్ రూపం ఓపెన్‌టోఫు ఉంది. సొంత ఆఫీసు పనికి ఏది వాడినా ఒకటే.

ఇంకో చిన్న ముక్క: సర్వర్లు ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబైలో ఉంటే మానిటర్‌ని హైదరాబాద్‌లో పెట్టుకోవచ్చు, 2022 నవంబర్ నుంచి ఇక్కడా రీజియన్ ఉంది. రెండింటి మధ్యా వెళ్లే డేటాకి డబ్బులు పడతాయి, అది చూసుకో. ఆఫీసు గదిలో ఉన్న 5కి టెర్రాఫామ్ ఏం చేయలేదు. వాటికి ఆన్సిబుల్, నీ రెండు కాళ్లూ.

పాతకాపు
ఇంతమంది ఇన్ని చెప్పారు, అలర్ట్ మనిషికి చేరిందా అన్నది ఎవరూ అడగలేదు. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో డేటాబేస్ పొరపాటున చెరిగిపోయింది. బ్యాకప్ కోసం వెళ్తే బ్యాకప్ లేదు. బ్యాకప్ తీసే పీజీడంప్ టూల్ వెర్షన్ తేడా వల్ల అది ఫెయిలవుతూనే ఉంది. ఫెయిలైనట్టు మెయిళ్లు వెళ్లాయి కూడా, కానీ డీమార్క్ (మెయిల్ అసలైనదేనని తేల్చే ఏర్పాటు) లేదని అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిప్పి కొట్టింది. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా వాళ్లే దాచుకోకుండా బయటపెట్టారు, అందుకు మెచ్చుకోవాలి.

ఓరుగల్లు_కుర్రాడు
అంటే కాపలావాడికి ఇంకో కాపలావాడు కావాలి. వాడికి?

పాతకాపు
వాడికి అక్కర్లేదు. మానిటర్ 5 నిమిషాలకోసారి వేరే చోట ఉన్న చిన్న మెషీన్‌కి "నేను ఉన్నా" అని చెప్పాలి. చెప్పకపోతే ఆ చిన్నది అరుస్తుంది. ప్రొమీథియస్ వాళ్లు దీనికోసమే ఎప్పుడూ మోగుతూ ఉండే వాచ్‌డాగ్ అలర్ట్ ఒకటి పెట్టుకుంటారు, అది ఆగిపోతేనే కంగారు. బెజవాడ తమ్ముడూ, నీ పోస్ట్‌గ్రెస్ ఎక్కడ ఉంది?

బెజవాడ_బ్యాకెండ్
జెరాక్స్ మెషీన్ పక్క గదిలో.

గరళకంఠుడు
కరెంటు పోతే సర్వర్లూ పోతాయి, మానిటరూ పోతుంది, మెసేజ్ రాదు. రిపోర్ట్‌లో ఒక్క ఎర్ర గీత ఉండదు. సార్‌కి ఇదే డెమో చూపించు.

బెజవాడ_బ్యాకెండ్
నవ్వండి నవ్వండి. రేపే బయటకు మారుస్తా. ఇంకో డౌట్: 60 కంటెయినర్లు, ఒక్కోదానికి 6 అంకెలు, 15 సెకన్లకోసారి. రోజుకి ఒక్కో అంకె 5,760 సార్లు, మొత్తం 20 లక్షల 73 వేల వరసలు. డిలీట్ కొడితే పోస్ట్‌గ్రెస్ మూలుగుతోంది.

రాత్రిడ్యూటీ
డిలీట్ కొట్టకు. రోజుకో పార్టిషన్ (టేబుల్‌లో విడి ముక్క) చేసి, పాతబడినది ఏకంగా డ్రాప్ చెయ్యి. ప్రొమీథియస్ కూడా మామూలుగా 15 రోజులే ఉంచుతుంది, నీకూ చాలు. అంతకంటే పాతది గంటకో వరసగా కుదించు, సగటుతో పాటు గరిష్ఠం కూడా రాసుకో. సగటులో మంటలు కనపడవు. డిస్క్‌ని 15 సెకన్లకోసారి కొలవడం అనవసరం, నిమిషానికోసారి చాలు. టైమ్ యూటీసీలో రాసి చూపించేటప్పుడు మన టైమ్‌కి మార్చు. అర్ధరాత్రి అనుకున్న క్రాన్ (టైమ్ పెట్టి ఉంచిన పని) పొద్దున 5:30కి నడవడం ఎన్ని చోట్ల చూశానో.

అవునూ, ఆ ఆదివారం డిస్క్ నింపింది ఏంటో కనుక్కున్నావా?

బెజవాడ_బ్యాకెండ్
వార్ లిబ్ డాకర్, అదే డాకర్ తన సరుకంతా పెట్టుకునే ఫోల్డర్. చాలా పెరిగి ఉంటే పాత ఇమేజ్‌లు తీసేశా, ఖాళీ అయింది.

రాత్రిడ్యూటీ
కంటెయినర్ల లాగ్ ఫైళ్లు చూడు. మామూలుగా వచ్చే జేసన్ లాగ్‌కి ఏ హద్దూ ఉండదు, పెరుగుతూనే పోతుంది. డాకర్ డీమన్ సెట్టింగ్స్‌లో ఒక్కో ఫైలు 10 ఎంబీ, మొత్తం 3 ఫైళ్లు అని పెట్టు. ఇప్పటికే నడుస్తున్న కంటెయినర్లకి అది వర్తించదు, వాటిని మళ్లీ సృష్టించాలి.

బెజవాడ_బ్యాకెండ్
చూశా. బిల్లింగ్ కంటెయినర్ లాగ్ ఒక్కటే 38 జీబీ. అంటే మూడు లైన్ల సెట్టింగ్ పెట్టి ఉంటే నేను ఆరు నెలలు ఈ టూల్ రాసేవాణ్నే కాదు.

గరళకంఠుడు
నేను మొదటి పోస్ట్‌లోనే చెప్పా.

డాలస్_దేవి
నువ్వు చెప్పింది ప్రొమీథియస్. లాగ్ గురించి కాదు.

బెజవాడ_బ్యాకెండ్
మూడు వారాల తర్వాత అప్‌డేట్. కీ మార్చాక 11 వేలు కాస్తా 63 అయ్యాయి. అనుకున్న 60 కంటే 3 ఎక్కువ. ఎవరో ఏడాది కిందట పెట్టి మర్చిపోయినవి. సాకెట్ ముందు ప్రాక్సీ పెట్టా. రిజిస్టర్ టేబుల్ ఉంది. కొత్త సర్వర్ బటన్ నొక్కితేనే లేస్తుంది, సార్‌ని సాగరతీరం గారి 64 కథ చెప్పి ఒప్పించా.

మొన్న శనివారం రాత్రి 11:40కి ఫోన్ మోగింది. "విజయవాడ గది నుంచి మాట లేదు: 5కి 5. ఏమీ లేపడం లేదు, వచ్చి చూడండి." బండేసుకుని వెళ్లా. కరెంటు ఉంది, యూపీఎస్ చచ్చిపోయి కూర్చుంది. ఇప్పుడు దీన్ని ఎలా మానిటర్ చేయాలి?

రాత్రిడ్యూటీ
నట్ అని ఒకటి ఉంది, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్. యూపీఎస్ వెనక యూఎస్‌బీ పోర్ట్ ఉందా చూడు.

బెజవాడ_బ్యాకెండ్
ఉంది. గోడ వైపు. చూడాలంటే జెరాక్స్ మెషీన్ జరపాలి.